కాలుష్యమునకు దండనమా, ధరయా?

కాలుష్య నియంత్రణమును గూర్చి మాటలాడువారిలో ఇటీవల ఒక అభిప్రాయము మిక్కిలి ప్రబలినది. దండనకాలము గతించినదనియు, ఇక ధరకాలము వచ్చినదనియు వారందురు. ఫ్యాక్టరీ యజమానిని జైలునకు పంపుదుమని బెదరించుట మోటుపద్ధతియట. అతడు చేయు హానికి వెల కట్టి ఆ వెలను అతనిచేత ఇప్పించుట నాగరకపద్ధతియట. 2023వ సంవత్సరమున పార్లమెంటు ఆమోదించిన జనవిశ్వాస శాసనము ఈ అభిప్రాయమునకు రాజముద్ర వేసినది. ఆ శాసనమువలన 1986 నాటి పర్యావరణ పరిరక్షణ శాసనమునందును, 1981 నాటి వాయుకాలుష్య శాసనమునందును ఉన్న కారాగారశిక్షలు చాలవరకు తొలగి, వాని స్థానమున పదివేల రూపాయలు మొదలు పదునైదు లక్షలవరకు జరిమానాలు వచ్చినవి. 2024 ఫిబ్రవరిలో జలకాలుష్య శాసనమునకును అట్టి సవరణమే జరిగినది. అది మొదట హిమాచల ప్రదేశము, రాజస్థానము, కేంద్రపాలిత ప్రాంతములకు వర్తించునట్లును, తక్కిన రాష్ట్రములు తీర్మానముచేసి స్వీకరింపవచ్చుననియు ఏర్పాటైనది.

ఈ మార్పు మంచిదా చెడ్డదా యని వాదించువారు రెండు పక్షములుగా చీలియున్నారు. ఒక పక్షమువారికి ఇది ధనికులకు చేసిన ఉపకారము. రెండవ పక్షమువారికి ఇది ఆలస్యముగా వచ్చిన వివేకము. ఉభయుల వాదములను విన్న పిమ్మట, ఇరువురును ఒక ప్రశ్నను దాటిపోవుచున్నారని మాకు తోచినది. దండించుటకైనను, వెల కట్టుటకైనను ముందుగా కొలవవలెను గదా! ఆ కుంచము ఎవరి చేతిలో నున్నది?

ఈ ప్రశ్నకు నూటయరువది యేండ్ల వయస్సున్నది. 1863లో ఇంగ్లండు పార్లమెంటు క్షారశాసనము చేసినప్పుడు సంగతి యిదియే. సోడాక్షారము చేయు ఫ్యాక్టరీలనుండి వెలువడు హైడ్రోక్లోరికామ్లపు వాయువు చుట్టుప్రక్కల చెట్లను, పైరులను మాడ్చివేయుచుండెను. నష్టపడినవాడు కోర్టుకు పోవచ్చును. కాని పది గొట్టములు ఒకచో పొగ వదలుచుండగా తన పైరును మాడ్చినది ఫలానివాని పొగయే యని అతడు రుజువు చేయుట యెట్లు? శాసనము ఈ చిక్కును విడదీసినది. ఆ వాయువులో నూటికి తొంబదియైదు పాళ్లు నీటిలో కరగించి పట్టవలెనని విధించి, దానిని కొలిచి చూచుటకు ఒక ఇన్‌స్పెక్టరును నియమించినది. ఆ పదవికి వచ్చిన రాబర్ట్ ఆంగస్ స్మిత్ రసాయన శాస్త్రజ్ఞుడు. ఆమ్లవర్షము అను మాటను లోకమునకు ఇచ్చినవాడు ఆయనయే. ఆయన యజమానులను కోర్టులకీడ్చుటకంటె నచ్చజెప్పుటనే ఎక్కువగా ఆశ్రయించెను. మెతకవాడని ఆయనను నిందించినవారు లేకపోలేదు. ఐనను ఆ మెత్తదనము పనిచేయుటకు కారణమొకటి కలదు: గొట్టములోనుండి పోవుచున్నది ఎంతయో ఆయనకు స్వయముగా తెలియును, ఆయనకు తెలియునని యజమానికిని తెలియును.

అదే కాలమున మన దేశమునకు లభించినదేమి? 1860 నాటి శిక్షాస్మృతిలోని రెండు విభాగములు. పదిమంది వాడుకొను ఊటను గాని చెరువును గాని చెరచినవానికి మూడు నెలల ఖైదు, లేక అయిదువందల రూపాయల జరిమానా, లేక రెండును. గాలిని చెరచినవానికి అయిదువందల రూపాయల జరిమానా మాత్రమే. 2024 జూలై మొదటి తేదినుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో గాలిని చెరచినందుకు జరిమానా వేయి రూపాయలు. నూటయరువదినాలుగు సంవత్సరములకు గాలి వెల రెట్టింపైనదని సంతోషింపవలసినదే.

స్వాతంత్ర్యానంతరము 1974లో వచ్చిన జలకాలుష్య శాసనము దీనికంటె ఎన్నో మడుగులు ముందునకు పోయిన మాట నిజము. ప్రతి రాష్ట్రమునకును ఒక బోర్డు, బోర్డు సమ్మతి లేనిదే యే తూమును నదిలోనికి తెరువరాదను నియమము, ఉల్లంఘించినవానికి ఖైదు. మన ఆంధ్రదేశమున బోర్డు 1976లో ఏర్పడినది. 1988 సవరణతో ఖైదు కనీసము ఒకటిన్నర సంవత్సరము, గరిష్ఠము ఆరు సంవత్సరములైనది. ఫ్యాక్టరీని మూయించుటకును, దానికి విద్యుచ్ఛక్తిని ఆపించుటకును బోర్డుకు అధికారము వచ్చినది. కాగితముమీద ఇంతకంటె కఠినమైన శాసనమును కోరనక్కరలేదు.

కాని కాఠిన్యమే దాని బలహీనతయైనది. సంస్కరణ పక్షమువారి వాదములోని సారము ఇదియే గనుక దానిని న్యాయముగా చెప్పవలెను. హద్దును కొంచెము మీరినవానికిని, వందరెట్లు మీరినవానికిని చట్టమున ఆయుధము ఒక్కటియే: ఖైదో, మూతయో. క్రిమినలు కేసు వేసినచో సంవత్సరముల తరబడి సాగును. మూయించినచో నాలుగువందల కూలివాండ్రు వీధిని పడుదురు. అందుచేత అధికారి మిక్కిలి ఘోరమైన సందర్భములయందే ఆయుధమును తీసి, తక్కినవానియందు నోటీసులతో కాలము గడపును. గుజరాతు రాష్ట్రమున కొన్ని ఫ్యాక్టరీలకు తనిఖీలను రెట్టింపు చేసి చూచిరి. ఉల్లంఘనల జాబితా పెరిగినది గాని కాలుష్యము చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. అదనపు తనిఖీలలో బయటపడినవి చాలవరకు చిన్నతప్పులు. చిన్నతప్పునకు తగిన చిన్నశిక్ష చట్టమున లేదు. ఇంతవరకు సంస్కర్తలతో మాకు విరోధము లేదు. ఉరికొయ్య తప్ప వేరు శిక్ష లేని రాజ్యమున దొంగలు నిర్భయముగా తిరుగుదురు.

ఇక ధరను గూర్చి. పరులకు కలిగించు నష్టమును పన్నుగా వసూలుచేయవలెనని కేంబ్రిడ్జి అర్థశాస్త్రజ్ఞుడు పిగూ 1920లోనే వ్రాసియుండెను. మనవారు 1977లో నీటి సెస్సు శాసనము చేసిరి; వేయి లీటర్లకు కొన్ని పైసలు! అది బోర్డుల జీతములకు తోడ్పడినదే గాని యే తూమును కట్టింపలేదు; 2017లో వస్తుసేవల పన్నుతోపాటు రద్దైనది. నేలబొగ్గుపై సెస్సు 2010లో టన్నుకు 50 రూపాయలుగా ఆరంభమై 2016 నాటికి 400 రూపాయలైనది. దాని రాబడి నిర్మలమైన శక్తిసాధనలకు పోవునని చెప్పిరి. 2017 తరువాత అది రాష్ట్రములకు పన్నునష్టము పూరించుటకు మరలినది. 2025 సెప్టెంబరులో ఆ సెస్సు తొలగి, బొగ్గుపై పన్ను నూటికి 5 నుండి 18కి పెరిగినది. ఖజానాకు లోటు వచ్చినప్పుడెల్ల ప్రభుత్వము చేయి చాచెడి ధర కాలుష్యమునకు ధర యనిపించుకొనదు. దానిని పన్ను అనుటయే మేలు.

సూరతు నగరమున జరిగిన ప్రయోగము ఇట్టిది కాదు. దానిని గూర్చి మనవారు తగినంతగా చర్చింపలేదు గావున కొంచెము నిదానముగా చెప్పెదము. ఐతే దానికి ముందు అదే రాష్ట్రమున జరిగిన వేరొక పరీక్ష తెలిసియుండవలెను. గుజరాతులో హైకోర్టు ఆజ్ఞవలన 1996 నుండి ఫ్యాక్టరీలు ప్రతి సంవత్సరము బయటి ఆడిటరుచేత పరీక్ష చేయించుకొని నివేదికను బోర్డుకు పంపవలసియుండెను. ఆడిటరును ఎన్నుకొనువాడు యజమాని. రుసుము నిచ్చువాడును యజమానియే. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయన్ అను నలుగురు అర్థశాస్త్రజ్ఞులు బోర్డుతో కలిసి ఈ నివేదికలను మరల పరీక్షించిరి. ధూళికణముల విషయమున నూటికి 7 ఫ్యాక్టరీలు మాత్రమే హద్దు మీరినవని ఆడిటర్లు వ్రాసిరి. మరల కొలిచి చూడగా తేలినది నూటికి 59! నివేదికలలోని అంకెలు చాలవరకు హద్దునకు వెండ్రుకవాసి క్రిందనే కూర్చుండెను. కంచె చేను మేయుట కింతకంటె నిదర్శనము కావలెనా?

తరువాత వారు కొన్ని ఫ్యాక్టరీల విషయమున ఏర్పాటును మార్చిరి. ఆడిటరును చీటీలు వేసినట్లుగా బోర్డే కేటాయించును. రుసుము ఉమ్మడి నిధినుండి యొకే మొత్తముగా వచ్చును. కొన్ని కొలతలను తెలియకుండ మరల సరిచూతురు. వెంటనే ఆ ఆడిటర్లే, ఆ పరికరములతోనే, నిజము వ్రాయనారంభించిరి. అంతకంటె గమనింపదగినది, ఆ ఫ్యాక్టరీలు కాలుష్యమును నిజముగానే తగ్గించుకొనినవి. ఇచ్చట శాసనము మారలేదు, శిక్ష మారలేదు, ధర లేనేలేదు. కుంచము పట్టినవాని కూలి ఎవరిత్తురను ఒక్క సంగతి మారినది. 2013లో ప్రకటింపబడిన ఈ ఫలితము అన్ని బోర్డులకును పాఠము కావలసినది. 2025 ఆగస్టులో కేంద్రప్రభుత్వము పర్యావరణ ఆడిటు నియమములను ప్రకటించుచు ఆడిటర్లను యాదృచ్ఛికముగా కేటాయింపవలెనని చేర్చినది. పండ్రెండేండ్లకైనను చేర్చినందులకు మేము సంతోషించుచున్నాము.

2019లో సూరతున మొదలైనది అనుజ్ఞల క్రయవిక్రయము. ఎక్కువగా బట్టలమిల్లులైన 317 ఫ్యాక్టరీల పొగగొట్టములకు ఎడతెగక కొలుచు యంత్రములను అమర్చిరి. వానిలో సుమారు సగమును చీటీలపై ఏరి, ఆ సగము కలిసి నెలకు ఇంత ధూళిని మాత్రమే వదలవలెనని బోర్డు మొత్తము హద్దును నిర్ణయించినది. కిలో ధూళికి ఒక అనుజ్ఞ. తక్కువ ఖర్చుతో ధూళిని పట్టగలవాడు మిగిలిన అనుజ్ఞలను అమ్ముకొనును, పట్టలేనివాడు కొనుక్కొనును. 2025లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి ఈ సగములో ధూళి, తక్కిన సగముతో పోల్చగా, నూటికి 20 నుండి 30 పాళ్లు తగ్గినది. దానిని అరికట్టుటకగు వ్యయమును తగ్గినది. ధరపక్షమువారు ఈ ఫలితమును జెండావలె ఎత్తి చూపుచున్నారు. వారు జెండాను మాత్రమే చూపుచు కొయ్యను దాచుచున్నారు. ప్రతి ఫ్యాక్టరీ ముందుగానే బోర్డు వద్ద ఒక ధరావతు కట్టియుండెను. గడువునాటికి అనుజ్ఞలు చాలనివానికి, కొరత పడిన ప్రతి కిలోకును గరిష్ఠపు ధరకు రెండురెట్లు ఆ ధరావతులోనుండి విరుగును. కోర్టు లేదు, వాయిదా లేదు, సిఫారసు లేదు. అనగా దండనము పోలేదు. చిన్నదై, ముందే చేతికి వచ్చి, తప్పించుకొన వీలులేనిదైనది. యంత్రము అబద్ధమాడినచో ఈ బజారంతయు ఒక్కనాటిలో కూలిపోవును.

పాపమునకు వెల కట్టి అమ్ముట నీతిబాహ్యమని కొందరు పెద్దలు చేయు ఆక్షేపణను మేము తేలికగా త్రోసివేయము. కాని పాపము చేయుచు వెలకూడ ఈయకుండుట అంతకంటె నీతియా? ఈ పద్ధతికి మా ఆక్షేపణ వేరు. సూరతులో ఒక గొట్టమునుండి వచ్చు ధూళి ఊరంతటి గాలిలో కలియును. ఒకచో తగ్గినది వేరొకచో పెరిగినదానికి కొంతవరకు జమయగును. వాగు అట్లు కాదు. ఎగువనున్న ఫ్యాక్టరీ అనుజ్ఞలు కొనుక్కొని విషము వదలినచో, వేరొక వాగు మీది ఫ్యాక్టరీ అమ్ముకొన్న శుభ్రత ఈ వాగు క్రింది మడికి రాదు. గాలి లెక్కను నీటికి పెట్టుదుమని తొందరపడువారు పటాన్‌చెరువు చూచి రావలెను.

హైదరాబాదునకు వాయవ్యమున 1970 దశకమున వెలసిన ఈ పారిశ్రామికవాడ నీరు నక్కవాగులో పడి మంజీరలో కలియుచుండెను. బావులు చెడినవని, పంటలు పోయినవని 1990లోనే వ్యాజ్యము సుప్రీంకోర్టునకెక్కెను. 2001లో అది రాష్ట్ర హైకోర్టునకు, పిదప జాతీయ హరితన్యాయస్థానమునకు మారి, 2017 అక్టోబరులో తీర్పును చూచినది. ఈ ఇరువదియేడేండ్లలో ఉమ్మడి శుద్ధిస్థలము వచ్చినది. శుద్ధియైనదనబడు నీటిని 18 కిలోమీటర్ల గొట్టముగుండ అంబర్‌పేటకు కొనిపోయి నగరపు మురుగుతో శుద్ధిచేసి మూసీలోనికి వదలు ఏర్పాటు జరిగినది. నక్కవాగు రైతు భారము కొంత మూసీ రైతు నెత్తికెక్కినది.

2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ఆ ఉమ్మడి శుద్ధిస్థలమునుండి వెలువడు నీటిని పరీక్షించి ఫలితమును ప్రకటించిరి. సుమారు 90 ఔషధ ఫ్యాక్టరీల నీరు అచ్చటికి వచ్చుచుండెను. శుద్ధిచేసిన ఆ నీటిలో లీటరునకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్ససిన్ అను క్రిమినాశక ఔషధము కానవచ్చినది. మందు మ్రింగిన రోగి నెత్తురులో ఉండు పరిమాణముకంటె ఇది ఎక్కువ. ఇట్టి నీటిలో చావక మిగిలిన క్రిములు ఆ మందునకు లొంగని జాతిగా వృద్ధిపొందును. ఆ జాతి పటాన్‌చెరువులోనే కూర్చుండదు.

ఇచ్చట ఎవరిని దండింపవలెను? ఏ ధర విధింపవలెను? సమ్మతిపత్రములలో జీవరసాయన ప్రాణవాయువు, లవణములు మొదలైనవానికి హద్దులున్నవి. ఔషధశేషమునకు హద్దే లేదు. హద్దు లేనిచోట మీరినవాడును లేడు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణశాఖ ఒక ముసాయిదా ప్రకటించి, నూటికి పైబడిన క్రిమినాశక ఔషధములకు నీటిలో హద్దులు సూచించినది. 2021 ఆగస్టులో వెలువడిన తుదిప్రతిలో ఆ పట్టిక లేకపోయెను. జైలుశిక్షలు పోయినవని 2023లో వాపోయినవారు, రెండేండ్లకు ముందు ఒక పట్టిక మాయమైనప్పుడు ఎచ్చట నుండిరి? శిక్షపోవుట పత్రికలలో పెద్ద అక్షరములతో పడును. కొలతపోవుట ఎవరికిని వార్త కాదు.

ఇప్పుడు క్రొత్త సవరణములను ఈ దృష్టితో చదివి చూతము. తప్పు నిర్ణయించి జరిమానా వేయు అధికారి కేంద్రమున సంయుక్త కార్యదర్శికిని, రాష్ట్రమున కార్యదర్శికిని తక్కువ కాని ఉద్యోగి. క్రిమినలు కోర్టుకంటె త్వరగా పని జరుగవచ్చును. కాని పరిశ్రమలను పిలిచి, భూములిచ్చి, తోరణములు కట్టి ఆహ్వానించునదియు ఆ ప్రభుత్వమే. పెండ్లిపెద్దయే పంచాయితీపెద్దయైనచో కోడలి మొర యెంతవరకు వినబడునో చదువరులూహింపగలరు. దీనికిమించి మమ్ము కలతపెట్టినది 2024 నాటి జలశాసన సవరణములోని మరియొక ఏర్పాటు. కొలుచు పరికరములను తారుమారు చేసినవానికిని అదే పదివేలు మొదలు పదునైదు లక్షలవరకు జరిమానా. సమ్మతి లేకుండ ఫ్యాక్టరీ నడిపినవానికి ఖైదును నిలిపియుంచిన శాసనము, కుంచమును దొంగిలించినవానిని మాత్రము సామాన్యపు తప్పుచేసినవాని వరుసలో కూర్చుండబెట్టినది. ధరపద్ధతికి ప్రాణము కొలతయే యని సూరతు చూపినది. ఆ ప్రాణమునకు పెద్ద ఫ్యాక్టరీ యొక్క దినవ్యయమునకు మించని వెల కట్టుట ధరపక్షమువారికే అపకారము. తక్కిన శిక్షలెన్ని తొలగించినను ఈ ఒక్క తప్పునకు ఖైదు ఉండవలెనని మా నిశ్చితాభిప్రాయము.

వెల కట్టు విధమైనను కొలతపై నిలిచినదా? 2019లో కేంద్ర కాలుష్యనియంత్రణ బోర్డు పరిహారమును లెక్కగట్టుటకు ఒక సూత్రము ఏర్పరచినది. ఫ్యాక్టరీ ఎఱ్ఱ తరగతిదైనచో 80, నారింజ తరగతిదైనచో 50, పచ్చ తరగతిదైనచో 30. దానిని తప్పు జరిగిన దినముల సంఖ్యతోను, ఒక రూపాయల అంకెతోను, ఫ్యాక్టరీ పరిమాణముతోను, అది యున్న ఊరి జనసంఖ్యనుబట్టి వేసిన అంకెతోను హెచ్చింపవలెను. దినమునకు అయిదువేల రూపాయలకు తక్కువ కారాదు. లెక్క సులభమే. కాని ఆ దినమున తూములోనుండి ఎంత విషము పోయినదను అంకె ఈ సూత్రమున ఎచ్చటను లేదు. ఎన్ని యెకరములు పాడైనవను అంకెయు లేదు. రెండింతలు వదలినవానికిని, ఇరువదింతలు వదలినవానికిని బిల్లు ఒక్కటియే. మనవారు దండనమునుండి ధరకు వచ్చితిమని చెప్పుకొనుచు వచ్చినది తరగతి లెక్కకు.

2014లో కేంద్ర బోర్డు పదునేడు తరగతుల ఘోరకాలుష్య పరిశ్రమలు ఎడతెగక కొలుచు యంత్రములను పెట్టుకొని ఆ అంకెలను బోర్డులకు పంపవలెనని ఆజ్ఞాపించినది. అది మంచి ఆజ్ఞ. ఐతే యంత్రమును కొనువాడును, దానిని సరిదిద్దించు కంపెనీకి డబ్బిచ్చువాడును యజమానియే గదా! గుజరాతు ఆడిటర్ల కథ ఇచ్చట మరల మొదలగుటకు అడ్డేమున్నది? ఆ సరిదిద్దుటకు ఉమ్మడినిధి యొకటి ఏర్పరచి, చీటీలమీద కేటాయించి, తెలియకుండ మరల కొలిపించుటకు క్రొత్త శాసనమేదియు అక్కరలేదు. బోర్డు తీర్మానము చాలును.

దిగువ రైతునకు ఈ అంకె తెలియవలెనని మేమనుట కొందరికి విప్లవముగా కనబడవచ్చును. 1974 శాసనము 25వ విభాగమును చివరవరకు చదివినవారికి అట్లు తోచదు. సమ్మతి నిచ్చునప్పుడు విధించిన షరతులన్నిటిని బోర్డు ఒక రిజిస్టరులో ఎక్కించి యుంచవలెననియు, ఆ తూమువలన బాధపడువాడెవడైనను, దానితో సంబంధమున్నవాడెవడైనను తగిన వేళలలో వచ్చి తనకు సంబంధించిన పుటలను చూడవచ్చుననియు అందులో స్పష్టముగా నున్నది. దీనికి ప్లీడరు అక్కరలేదు. మంజీర యొడ్డునగాని మూసీ క్రిందగాని ఏ గ్రామపంచాయతివారైనను నలుగురిని వెంటబెట్టుకొని బోర్డు కార్యాలయమునకు పోయి, మా ఊరి ఎగువనున్న తూముల పుట తీయుడని అడుగవచ్చును. ఆ పుట ఇంగ్లీషున ఉన్నచో తెలుగున నకలు వ్రాసికొని పంచాయతి గోడకు అంటింపవచ్చును. అట్లు చేసిన గ్రామమేదైన నున్నచో ఆ నకలును మాకు పంపవలసినదిగా కోరుచున్నాము. దానిని అట్లే ప్రకటించెదము.